పాలు పిండే చేతులకు ఎంత నిద్ర కావాలి?

ఈనిన ఎనుముకు దాణా ఎంత పెట్టాలి, పచ్చిమేత ఎంత వేయాలి, గాలికుంటు టీకా ఎప్పుడు వేయించాలి అని సభ్యులు అడుగుతూ ఉంటారు. ఆ ఎనుమును సాకే మనిషి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోవాలి అని అడిగేవారు అరుదు. ఈసారి ఆ సంగతి తెలుసుకొందాము.

ముందుగా మన ఇండ్ల లెక్క చూద్దాము. ప్రొద్దుటూరు-మైదుకూరు రోడ్డు మీద ఉన్న చాపాడు, దాని చుట్టుపట్ల పల్లెల్లో పాడి ఉన్న ఇల్లు ఏదైనా తీసుకోండి. ఉదయం సంఘానికి పాలు పోయాలంటే నాలుగు గంటలకు లేవాలి. పేడ ఎత్తి, కొట్టం ఊడ్చి, కుడితి పెట్టి, పొదుగు కడిగి, దూడను వదిలి, చేపు వచ్చాక పాలు పిండాలి. సాయంత్రం మళ్ళీ ఇదే పని. తరువాత వంట, భోజనాలు, అంట్లు, కాసేపు టీవీ. నడుము వాల్చేసరికి పదిన్నర. వ్రేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి, ఐదున్నర గంటలు.

ఇది చాలుతుందా? చాలదు. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో తేల్చి చెప్పాయి. అదే సంవత్సరం మరొక సంస్థ వయసుల వారీగా ఇచ్చిన లెక్క ఇలా ఉన్నది: 18 నుండి 64 ఏండ్ల వారికి 7 నుండి 9 గంటలు, 65 దాటినవారికి 7 నుండి 8, పద్నాలుగు నుండి పదిహేడేండ్ల పిల్లలకు 8 నుండి 10, ఆరు నుండి పదమూడేండ్ల వారికి 9 నుండి 11. ముసలితనంలో నిద్ర అవసరమే తగ్గిపోతుందని మనలో చాలామంది అనుకొంటారు. తగ్గేది అవసరం కాదు, ఒక్క బిగిన నిద్రపట్టే శక్తి. పదవ తరగతి పిల్లవాణ్ణి చదువు కోసం నాలుగింటికి లేపేవారు వాడిని రాత్రి ఎనిమిదికే పడుకోబెట్టాలి. తొమ్మిదిన్నర దాకా మేలుకోబెట్టి నాలుగింటికి లేపితే చదివింది తలకెక్కడం కష్టం.

“మాకు అలవాటైపోయింది, ఐదు గంటలు చాలు” అనే సభ్యులు ఎందరో ఉన్నారు. ఈ మాటను పరీక్షించి చూశారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2003లో ప్రకటించిన ప్రయోగంలో ఆరోగ్యవంతులైన కొందరిని వరుసగా 14 రాత్రులు నాలుగు గంటలు, మరి కొందరిని ఆరు గంటలు, ఇంకా కొందరిని ఎనిమిది గంటలు పడుకోనిచ్చారు. ఆరు గంటలు, అంతకు తక్కువ పడుకొన్నవారి చురుకుదనం రోజురోజుకూ దిగజారుతూ పోయి, చివరకు ఒకటి రెండు రాత్రులు బొత్తిగా కన్ను మూయనివారి స్థాయికి వచ్చింది. అయితే మాకు విశేషంగా తోచింది వేరే సంగతి. వారికి తాము అంత దెబ్బతిన్నట్లు తెలియలేదు. ఏదో కొంచెం నిద్రమత్తుగా ఉన్నదన్నారు, అంతే. అంటే అలవాటు పడేది మన మనసే గాని మెదడు కాదు. ఎండాకాలంలో బావి నీరు దిగినట్లుగా నిద్ర బాకీ దిగుతూ ఉంటుంది. పైనుండి చూసేవారికి వెంటనే కనబడదు.

శివరాత్రి జాగారం వేరు. ఒక రాత్రి మేలుకొన్నవారు మర్నాడో ఆ మర్నాడో కమ్మగా నిద్రపోయి తేరుకొంటారు. పాడి ఇంట్లో అటువంటి మర్నాడు రాదు. పండుగైనా పబ్బమైనా నాలుగింటికి ఎనుము అరుస్తుంది.

ఆస్ట్రేలియాలో 1997లో మరొక పరీక్ష చేశారు. నిద్ర లేచి 17 గంటలు గడిచిన మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారా ఉన్నవాడి పనితీరుతో సమానమని తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం ఒప్పే హద్దు 30 మిల్లీగ్రాములే. తెల్లవారుజామున నాలుగింటికి లేచినవారికి 17 గంటలు రాత్రి తొమ్మిదికి నిండుతాయి. కె.సి. కాలువ కింద వరి వేసిన రైతు, నీటి వంతు రాత్రి పడితే తొమ్మిదిన్నరకు మోటారు సైకిలెక్కి చేనికి పోతాడు. చుక్క ముట్టని మనిషైనా తాగి నడిపినవాడితో సమానమే. వ్యవసాయానికి 2004లో ఉచిత కరెంటు వచ్చిన తరువాత కూడా చాలా ఏండ్లు త్రీఫేజు కొంత పగలు, కొంత రాత్రి వచ్చేది. మోటారు వేయడానికి అర్ధరాత్రి లేచి, పాముకాటుకో కరెంటు షాకుకో గురైనవారి సంగతి ఏ ఊరిలో అడిగినా చెబుతారు. పగటిపూటే 9 గంటలు ఇవ్వాలని 2019 తరువాత రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించినప్పుడు పంటకు కలిగే మేలు గురించి అందరూ మాట్లాడారు. మాకు మాత్రం అది రైతు నిద్రకు కూడా మేలు చేసే నిర్ణయంగా తోచింది.

ఇంట్లో అందరికంటే తక్కువ నిద్రపోయేది ఎవరు? చాలా ఇండ్లలో ఇల్లాలే. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే ఆడవారు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు ఆ పనులకు వెచ్చిస్తున్నారని తేలింది. సుమారు ఐదు గంటలు. ఉదయం సంఘం వేళను మనం మార్చలేము, పాలు పగిలిపోతాయి. కాబట్టి జరపగలిగేది రాత్రి పడుకొనే వేళ ఒక్కటే. అది జరగాలంటే ఇల్లాలి సాయంత్రపు పనిలో కొంత మరొకరు అందుకోవాలి. రెండు పూటల పేడ, మేత పనిలో ఒక పూటైనా మగవారు చూసుకొంటే ఆమెకు ముప్పావు గంట మిగులుతుంది. మామ, అత్త, మరిది ఉన్న ఇంటిలో కోడలి చేత అన్నీ చేయించడం మర్యాద అనుకొనేవారు ఈ లెక్క మరొకసారి చూడవలెను. నిద్ర చాలని చేయి పొదుగు సరిగా కడగదు, చివరి ధారలు పిండకుండా వదిలేస్తుంది. పొదుగువాపుకు ఇవే దారులు.

ఎనుము మనకంటే తక్కువ నిద్రపోతుంది గదా అని ఎవరైనా అనవచ్చు, నిజమే. ఆవులను గమనించినవారు అవి రోజుకు సుమారు 4 గంటలు మాత్రమే నిద్రపోతాయని, మరొక 8 గంటలు జోగుతూ నెమరు వేస్తాయని చెప్పారు. నెమరు వేసే జంతువుకు అది సరిపోతుంది, మనిషికి సరిపోదు. అయితే పాడి ఆవు రోజులో పది పన్నెండు గంటలు పడుకొని ఉండడం అవసరం. కొట్టంలో రాళ్ళు, బురద ఉంటే అది పడుకోలేక నిలబడే ఉంటుంది, పాలు తగ్గుతాయి.

మన శరీరంలో ఒక గడియారం ఉన్నది. అది ఏ విధంగా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రాత్రి శరీరపు వేడి కొద్దిగా తగ్గితేనే మంచి నిద్ర పడుతుంది. కడప జిల్లా మే నెలలో, పగలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పగలంతా కాగిన ఇల్లు రాత్రి వేడిని వదులుతూ ఉంటుంది. మన పెద్దలు మిద్దె మీద నీళ్ళు చల్లి నులకమంచం వేసుకొన్నది ఇందుకే. దోమతెర కట్టుకొంటే ఈ పద్ధతికి మించినది మాకు తెలియదు. పడుకొనే వేళ, లేచే వేళ రోజూ ఒకటిగా ఉంటే గడియారం స్థిరంగా నడుస్తుంది. ఈ విషయంలో పాల సంఘం సభ్యులు అదృష్టవంతులు. లేచే వేళను ఎనుమే నిర్ణయిస్తుంది.

రాత్రి చాలని నిద్రను మధ్యాహ్నం కొంత పూడ్చుకోవచ్చు. భోజనం తరువాత ఇరవై ముప్పై నిమిషాల కునుకు మంచిదే. మూడు గంటల తరువాత పడుకొంటే రాత్రి నిద్ర చెడుతుంది. సాయంత్రం పాలు పోసి వచ్చి తాగే గట్టి టీ సగం ప్రభావం ఐదారు గంటల దాకా ఒంట్లో ఉంటుంది. రాత్రి పూట వేడి పాలు తాగితే నిద్ర పడుతుందని అంటారు. పాలమ్మే వాళ్ళం గనుక అవునని చెప్పడం మాకు లాభమే! కాని దానికి గట్టి రుజువు లేదు. తాగితే నష్టం లేదు, పుష్టి ఉన్నది. సారా తాగితే మాత్రం త్వరగా కన్ను మూతపడి, అర్ధరాత్రి తరువాత నిద్ర చెడిపోతుంది.

సంఘం పాలకవర్గాలకు ఒక మనవి. సమావేశాలు రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండు దాకా సాగదీయకండి. ఉదయం పాలు పోసి తీరిక దొరికిన వేళ పెట్టుకోవచ్చు.

చివరిగా గురక సంగతి. పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లై ఉలిక్కిపడి లేచేవారు, ఎనిమిది గంటలు పడుకొన్నా పగలు తూగేవారు ఉంటే అది అలసట అనుకోవద్దు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు, దీనికి వైద్యం ఉన్నది. ముఖ్యంగా తెల్లవారుజామున పాల వ్యాను నడిపేవారిలో ఈ లక్షణాలు కనబడితే, మందుల షాపులో నిద్రమాత్రలు కొని ఇవ్వకుండా వెంటనే డాక్టరు వద్దకు తీసుకొని పోవాలి. అంతవరకు బండి మరొకరికి అప్పగించాలి.