హాల్‌టికెట్ అక్కర్లేని కొలువులు

అంబర్‌పేట నుంచి, చుట్టుపక్కల బస్తీల నుంచి పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి చేరి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చదివే పిల్లల్ని చూస్తూనే ఉంటాం. అశోక్‌నగర్ గదుల్లో ఒకరు రాసుకున్న నోట్సును పది మంది జిరాక్స్ తీసుకుంటారు. ఓపెన్ సోర్స్ కూడా అలాంటిదే. రాసిన ప్రోగ్రామును దాచుకోకుండా, ఎవరైనా చదువుకునేలా, మార్చుకునేలా, పంచుకునేలా వదిలిపెడతారు. ఆ లోకపు విశేషాలు కొన్ని...

● ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టేనాటికి ఆయన వయసు 21. మీ జేబులో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని గుండెకాయ లినక్సే. ప్రపంచంలోని 500 అతివేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి దాని మీదే నడుస్తున్నాయి.

● పంచిపెట్టే సరుకుకు విలువేముంటుందని అనుకోవద్దు. లినక్స్‌ను నమ్ముకుని ఎదిగిన రెడ్ హ్యాట్ కంపెనీని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. ప్రోగ్రాము అందరిదీ. దాన్ని నిలబెట్టి నడిపే నేర్పుకు జీతం.

● తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఇప్పుడాయన పేరుతో ‘సురవరం’ అనే తెలుగు ఫాంటు ఉంది. గిడుగు పేరిటా ఒకటుంది. సిలికానాంధ్ర సంస్థ వీటిని స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. పెళ్లిపత్రికకైనా పత్రికకైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

● తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నడిపే మీడియావికీ కూడా ఓపెన్ సోర్సే. వ్యాసాలు రాసేవాళ్లకు జీతాల్లేవు. అయినా పిల్లల ప్రాజెక్టు నుంచి గ్రూప్స్ ప్రిపరేషన్ దాకా అందరూ తిప్పి చూసేది దాన్నే.

● హైదరాబాద్‌లో 2005లో పుట్టిన ‘స్వేచ్ఛ’ సంస్థ కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చింది. తర్వాత వేలాది ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ సంస్థతో కలిసి తెలుగు కథల పేజీలను సరిదిద్ది కంప్యూటర్‌కెక్కించారు. ఆ కథలు నేర్చుకుని కొత్త కథ అల్లే ‘ఏఐ చందమామ కథలు’ అనే ఏఐ నమూనా 2024లో వెలువడింది. రేపటి కృత్రిమ మేధ మన భాషలో ఎంత చక్కగా మాట్లాడుతుందన్నది ఈరోజు మనం దానికి పెట్టే అక్షరాల మీదే ఆధారపడి ఉంది.

● 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు లాగిన్‌లో అర సెకను ఆలస్యం కనిపించింది. ఎందుకా అని తవ్వితే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది. కోడ్ అందరికీ కనిపించేది కాబట్టే అంత త్వరగా గుట్టు రట్టయింది. అయితే ఆ ప్రోగ్రామును ఏళ్ల తరబడి జీతం లేకుండా మోసింది ఒక్కరే. సాయం చేస్తానంటూ వచ్చినవాడే ఆయన నమ్మకాన్ని వాడుకున్నాడు. ఇక్కడ ఇంకా చాలా చేతుల అవసరముంది.

● గూగుల్ 2005లో మొదలుపెట్టిన ‘సమ్మర్ ఆఫ్ కోడ్’లో ఎంపికైనవాళ్లు అనుభవజ్ఞుల దగ్గర పని నేర్చుకుంటారు, భృతి కూడా అందుకుంటారు. మొదట్లో విద్యార్థులకే ఉండేది. 2022 నుంచి 18 ఏళ్లు నిండి, కొత్తగా అడుగుపెట్టే వారెవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. గరిష్ఠ వయోపరిమితి లేదు.

● ఓపెన్ సోర్స్‌లో మీరు సరిదిద్దిన ప్రతి వరుసా పేరు, తేదీతో సహా నమోదవుతుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల పక్కన ఆ చిట్టా చూపించవచ్చు. కోడింగ్ రాకపోయినా దారి ఉంది. తప్పులు తెలియజేయడం, వాడే పద్ధతి రాసిపెట్టడం, తెలుగు చేయడం కూడా లెక్కకొచ్చే పనులే.

నారాయణగూడ, అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో కూర్చున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ! నోటిఫికేషన్ కోసం చదవండి, పరీక్ష బాగా రాయండి. దాంతోపాటు ఈ ఆదివారం ఒక గంట తీసి ఓపెన్ సోర్స్ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులో తెరిచి చూడండి. అతకని మాట ఒక్కటి కనిపిస్తే దాన్ని సరిచేసే పని మీరే అందుకోండి. ఈ పనికి నోటిఫికేషన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.