యంత్రసాక్షి: పోలీసు వీడియోలు, వర్ణవివక్ష, ప్రజల తీర్పు

ఒక సంఘటనను కళ్లారా చూసిన సాక్షి దొరికితే వివాదం సగం తీరినట్లేనని లోకం నమ్మకం. ఆ సాక్షి మరచిపోవడం, భయపడటం, లంచానికి లొంగడం ఎరుగని యంత్రమైతే ఇక సందేహానికి తావే ఉండదని అనుకోవడం సహజం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నల్లజాతి పౌరులపై పోలీసులు చూపే వివక్షను గురించిన వాదం మూడు దశాబ్దాలకు పైగా ఈ యంత్రసాక్షి చుట్టూ తిరుగుతూ వచ్చింది. అయితే ఈ కాలపు అనుభవం తేల్చిన విషయం ఒకటుంది. ఏమి జరిగిందో చెప్పడంలో వీడియో బలమైన సాక్షి. ఎందుకు జరిగిందో చెప్పడంలో బలహీనమైన సాక్షి. వివక్ష ఈ రెండవ ప్రశ్నకు చెందినది. ఈ తేడాను గుర్తించకపోతే వీడియోను నమ్మేవారూ పొరపడతారు, నమ్మనివారూ పొరపడతారు.

ముందుగా ఒక మాటను గురించి చెప్పుకోవాలి. తెలుగునాట ‘ఎన్‌కౌంటర్’ అనగానే పోలీసు కాల్పులలో మరణించడమే స్ఫురిస్తుంది. అమెరికాలో ఆ మాటకు అంత ఇరుకైన అర్థం లేదు. రోడ్డుపై కారు ఆపి లైసెన్సు అడగడం మొదలుకొని అరెస్టు, కాల్పుల వరకు, పోలీసు ఒక పౌరునికి ఎదురుపడే ప్రతి సందర్భమూ దాని కిందికి వస్తుంది. ఈ వ్యాసంలో ఉద్దేశించినది ఆ విస్తృతార్థమే.

ఒకే టేపు, రెండు తీర్పులు

1991 మార్చి 3న, అర్ధరాత్రి దాటిన తర్వాత, లాస్ ఏంజిలిస్ నగరంలో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుని కారును పోలీసులు వెంబడించి ఆపారు. అతన్ని కిందపడేసి లాఠీలతో కొట్టారు. సమీపంలోని ఒక అపార్ట్‌మెంటు బాల్కనీ నుంచి ఒక ప్లంబరు తన చేతి కెమెరాతో దాన్ని చిత్రించి స్థానిక టెలివిజన్ కేంద్రానికి ఇచ్చాడు. అనంతరం నగర పోలీసు శాఖ తీరును విచారించిన క్రిస్టఫర్ సంఘం 56 లాఠీ దెబ్బలు, 6 తన్నులు లెక్కించింది. టేపు దేశమంతటా ప్రసారమయింది. చూసినవారిలో చాలామందికి ఇక విచారణ కూడా లాంఛనమే అనిపించింది.

నలుగురు పోలీసులపై కేసు నడిచింది. విచారణ స్థలం మాత్రం లాస్ ఏంజిలిస్ నుంచి సిమీ వ్యాలీ అనే పట్టణానికి మార్చబడింది. అమెరికాలో ఇటువంటి కేసులలో నేరం జరిగిందా లేదా అన్నది తేల్చేది న్యాయమూర్తి కాదు. సామాన్య పౌరులలో నుంచి ఎంపికైన జ్యూరీ. ఆ జ్యూరీలోని 12 మందిలో 10 మంది తెల్లవారు. నల్లజాతి వారు ఒక్కరూ లేరు. 1992 ఏప్రిల్ 29న జ్యూరీ నిందితులను నిర్దోషులని ప్రకటించింది. ఒకరిపై ఉన్న ఒక అభియోగం విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఆ సాయంత్రం నుంచి నగరం తగలబడింది. ఆ అల్లర్లలో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

లోకమంతా చూసిన దాన్ని జ్యూరీ చూడలేదా? చూసింది, మిగతా వారికంటే ఎక్కువసార్లే చూసింది. ప్రతివాద న్యాయవాదులు టేపును దాచిపెట్టలేదు. నెమ్మదిగా, ఆపి ఆపి, ఒక్కొక్క చిత్రంగా చూపించారు. ఈ క్షణంలో అతని మోకాలు లేచిందా, ఈ క్షణంలో భుజం కదిలిందా అని ప్రశ్నించారు. పోలీసు శిక్షణలో నిపుణుడైన ఒక సాక్షి వచ్చి, ఆ దెబ్బలు శిక్షణ నియమాలకు లోబడినవేనని వివరించాడు. మొత్తంగా చూస్తే ఒక మనిషిని చితకబాదడంగా కనిపించేది, ముక్కలుగా చూస్తే వరుసగా తీసుకున్న చిన్న చిన్న నిర్ణయాలుగా మారిపోయింది. మరొక విషయం కూడా ఉంది. టేపు ఆరంభంలో మసకగా ఉన్న కొద్ది సెకన్లలో కింగ్ లేచి ఒక పోలీసు వైపు కదలడం కనిపిస్తుంది. టెలివిజన్ కేంద్రాలు ఆ భాగాన్ని తరచుగా తీసివేసి చూపాయి. జ్యూరీ దాన్ని చూసింది. అంటే ప్రజలూ జ్యూరీ చూసినది అక్షరాలా ఒకే టేపు కూడా కాదు.

1993లో ఫెడరల్ కోర్టులో మరొక జ్యూరీ ముందు పౌరహక్కుల ఉల్లంఘన కేసు నడిచింది. ప్రధాన సాక్ష్యం మళ్లీ ఆ టేపే. ఈసారి నలుగురిలో ఇద్దరు దోషులని తేలింది.

చూసేవారు వెంట తెచ్చుకునేది

ఇటువంటి భేదం ఎందుకు వస్తుందో పరిశీలించినవారు ఉన్నారు. 2001లో జార్జియా రాష్ట్రంలో వేగంగా కారు నడిపి పారిపోతున్న హారిస్ అనే యువకుని కారును పోలీసు వాహనం వెనుక నుంచి ఢీకొట్టింది. అతనికి పక్షవాతం వచ్చింది. 2007లో సుప్రీంకోర్టు పోలీసు వాహనంలోని కెమెరా చిత్రాన్ని చూసి, 9 మందిలో 8 మంది న్యాయమూర్తుల అభిప్రాయంతో పోలీసు అధికారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ వీడియో చూసిన తర్వాత వివేకం గల ఏ జ్యూరీ అయినా వేరుగా తలచదని దాని భావం. డాన్ కహాన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు, మరి ఇద్దరు సహచరులు ఆ వీడియోను సుమారు 1350 మంది అమెరికన్లకు చూపి, ఫలితాలను 2009లో ప్రకటించారు. ఎక్కువమంది కోర్టుతో ఏకీభవించారు. కాని ఏకీభవించనివారు అక్కడొకరు ఇక్కడొకరుగా లేరు. నల్లజాతి వారిలో, తక్కువ ఆదాయం గలవారిలో, సమానత్వ భావాలు గలవారిలో ఎక్కువగా ఉన్నారు. ఆ కేసు వర్ణవివక్షకు సంబంధించినది కాదు. అయినా కన్ను ఒక్కటే చూడదని, దాని వెనుక మనిషి గడిపిన జీవితం కూడా చూస్తుందని అది తెలిపింది. వివేకం లేనివారని కోర్టు కొట్టివేసినవారు నిజానికి వేరొక అనుభవం గలవారు.

కెమెరా ఉన్న చోటు కూడా తీర్పును మలుస్తుంది. పోలీసు ఛాతీకి తగిలించిన కెమెరాలో ఆ పోలీసే సరిగా కనిపించడు. ఎదుటి మనిషే తెరనిండా కనిపిస్తాడు. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఒకే ఘటనను ఛాతీ కెమెరా ద్వారా చూసినవారు, వాహన కెమెరా ద్వారా చూసినవారి కంటే, పోలీసు చర్యలో ఉద్దేశం తక్కువగా ఉందని భావించారు. వేగం సంగతి కూడా ఇంతే. 2016 నాటి మరొక పరిశోధనలో, ఒక హత్యా దృశ్యాన్ని నెమ్మదిగా చూసినవారు నిందితుడు బుద్ధిపూర్వకంగా చేశాడని ఎక్కువగా నమ్మారు. అతనికి ఆలోచించే వ్యవధి ఉన్నట్లు వారికి తోచడమే కారణం. కింగ్ కేసులో ఆ నెమ్మదే పోలీసులకు రక్షణగా ఉపయోగపడింది. కనుక యంత్రానికి పక్షపాతం లేకపోవచ్చు. దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎంత వేగంతో నడపాలో నిర్ణయించేది మనుషులే.

వీడియో సాధించినది

దీన్నిబట్టి వీడియో నిరర్థకమని తలచడం అన్యాయం. 2015 ఏప్రిల్ 4న సౌత్ కరోలినాలోని నార్త్ చార్ల్‌స్టన్‌లో ఒక పోలీసు వాల్టర్ స్కాట్ అనే నల్లజాతి వ్యక్తిని కాల్చి చంపి, అతడు తన విద్యుత్ తుపాకీని లాక్కున్నందున ప్రాణభయంతో కాల్చానని చెప్పాడు. దారిన పోతున్న ఒకరు తీసిన చిత్రంలో స్కాట్ పారిపోతుండగా వెనుక నుంచి 8 సార్లు కాల్చడం కనిపించింది. 2016లో రాష్ట్ర జ్యూరీ ఏ నిర్ణయానికీ రాలేకపోయినా, 2017లో ఆ పోలీసు ఫెడరల్ కోర్టులో నేరం అంగీకరించాడు.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మరణించినప్పుడు పోలీసు శాఖ తొలి ప్రకటన దాన్ని అనారోగ్య సంబంధమైన ఘటనగా పేర్కొన్నది. మెడపై మోకాలు మోపిన సంగతి అందులో లేదు. 17 ఏండ్ల ఒక బాలిక సెల్‌ఫోన్‌తో తీసిన వీడియో ఆ ప్రకటనను చెల్లకుండా చేసింది. 9 నిమిషాల 29 సెకన్లపాటు మోకాలు మోపిన డెరెక్ షోవిన్ 2021 ఏప్రిల్‌లో హత్యానేరానికి దోషిగా తేలాడు.

ప్రజాభిప్రాయం కూడా మారింది. క్లిష్ట పరిస్థితిలో పోలీసులు నల్లజాతి వారిపైనే మితిమీరిన బలం ప్రయోగించే అవకాశం ఎక్కువని 2016లో సుమారు మూడింట ఒక వంతు చెప్పగా, 2020 జూన్‌లో 57 శాతం చెప్పినట్లు మన్మత్ విశ్వవిద్యాలయం సర్వే తెలిపింది. కాని ఆ ఆవేశం నిలకడగా లేదు. ప్యూ సంస్థ సర్వేల ప్రకారం ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ ఉద్యమానికి 2020 జూన్‌లో 67 శాతం ఉన్న మద్దతు 2023 నాటికి 51 శాతానికి తగ్గింది. ఇంకొక సంగతి గమనించదగినది. షోవిన్ కేసులో ప్రాసిక్యూషన్ నిరూపించవలసి వచ్చినది హత్యనే, వర్ణవిద్వేషాన్ని కాదు. చర్యకు వీడియో సాక్ష్యమయింది. దాని వెనుక వివక్ష ఉందన్న నిర్ణయం ప్రజలు తమ పూర్వానుభవం నుంచి చేసుకున్నది.

ఒక దృశ్యం, అనేక దృశ్యాలు

వివక్ష అంటే ఒకరికొక న్యాయం, మరొకరికి మరొక న్యాయం. అందువల్ల దాన్ని పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఒంటరి దృశ్యంలో పోలిక ఉండదు. 2014 ఆగస్టులో మిస్సోరీలోని ఫెర్గుసన్‌లో మైకేల్ బ్రౌన్‌ను పోలీసు కాల్చి చంపిన దృశ్యానికి వీడియో లేదు. 2015 మార్చిలో కేంద్ర న్యాయశాఖ, ఆ పోలీసుపై అభియోగం మోపడానికి సాక్ష్యం చాలదని తేల్చింది. అదే రోజు మరొక నివేదికలో, పట్టణ జనాభాలో 67 శాతమైన నల్లజాతి వారు అరెస్టులలో 93 శాతం ఉన్నారని చూపి, అక్కడి పోలీసు వ్యవస్థ వివక్షతో కూడినదని నిర్ణయించింది. ఒక ఘటనలో రుజువు కానిది, వేల ఘటనలను కలిపి చూస్తే రుజువయింది.

వీడియోలను కూడా ఈ విధంగా చదవవచ్చునని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చూపారు. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ పోలీసుల ఛాతీ కెమెరాలలో నమోదైన 981 ట్రాఫిక్ తనిఖీల సంభాషణలను, 183 గంటల నిడివి గలవాటిని, వారు అక్షరబద్ధం చేశారు. ఎదుటివారు తెల్లవారో నల్లవారో చెప్పకుండా పోలీసు మాటలను మాత్రమే పాఠకుల ముందుంచి, అందులో ఎంత మర్యాద ఉందో చెప్పమన్నారు. ఆ కొలమానాన్ని కంప్యూటర్ సహాయంతో మొత్తానికీ అన్వయించారు. తెలుగులో ‘మీరు’, ‘నువ్వు’ అన్న ఒక్క మాటతో బయటపడే తేడా ఇంగ్లీషులో అంత తేలికగా బయటపడదు. క్షమించమనడం, కృతజ్ఞత చెప్పడం, జాగ్రత్తగా వెళ్లమనడం, పేరుకు ముందు గౌరవపదం చేర్చడం వంటి వాటిలో వెదకాలి. అట్లా వెదికితే, అత్యంత మర్యాదగల మాటలు తెల్లవారికి వినబడే అవకాశం 57 శాతం ఎక్కువగా, అతి తక్కువ మర్యాదగల మాటలు నల్లవారికి వినబడే అవకాశం 61 శాతం ఎక్కువగా తేలింది. పోలీసు వర్ణం, ఉల్లంఘన తీవ్రత, ప్రాంతం లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు.

కాబట్టి ఒక వీడియోలో తిట్టు వినబడలేదు గనుక వివక్ష లేదనేవారూ, ఆ ఒక్క వీడియోతోనే పోలీసు హృదయాన్ని చదివామనేవారూ, సాక్షిని అది చూడని విషయం గురించి ప్రశ్నిస్తున్నారు. దాన్ని అడగవలసినవి వేరే ఉన్నాయి: టేపు ఎక్కడ మొదలయింది, కెమెరా ఎవరి వైపు నుంచి చూస్తున్నది, మిగిలిన టేపులు ఎవరి వద్ద ఉన్నాయి. చివరి ప్రశ్న చిన్నది కాదు. 2014 అక్టోబరులో షికాగో పోలీసు ఒక 17 ఏండ్ల నల్లజాతి బాలునిపై 16 సార్లు కాల్చిన దృశ్యం, కోర్టు ఆదేశించేవరకు, 13 నెలలపాటు బయటికి రాలేదు.

ఓక్‌లాండ్‌లో నమోదైనవి రోజూ జరిగే తనిఖీలు. వాటిలో ఏ ఒక్కదాన్ని టెలివిజన్‌లో చూపినా చూసేవారు ఆగి చూడరు. ఆ కార్లలో కూర్చున్నవారు మాత్రం ఆ తేడాను వింటూనే ఉన్నారు. లెక్క కట్టేవరకు వారి మాటకు సాక్షి లేదు.