యంత్ర నిదానం

తెలుగువారి వాడుకలో 'నిదానం' అంటే తొందరపాటు లేకపోవడం. సంస్కృతంలో ఆ పదానికి మూలకారణం అని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించే భాగానికి ఆ పేరే స్థిరపడింది. మాధవకరుని 'మాధవ నిదానం' ఆ కోవలో ప్రసిద్ధ గ్రంథం. ఇంట్లో స్వయంగా కూర్చుకొన్న కంప్యూటరు మొరాయించినప్పుడు ఈ రెండు అర్థాలూ ఒక్కసారే అవసరమవుతాయి.

గుంటూరు, విజయవాడల నడుమ రహదారిపై ఉన్న పెదకాకాని మల్లేశ్వరస్వామి ఆలయానికి పేరుగాంచింది. చేరువలోనే 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. మిరప, పత్తి పండే ఈ నేలపై ఒక రైతు యార్డులో కొన్ని టిక్కీల మిరపకాయలు అమ్మి, ఆ సొమ్ములో కొంత కుమార్తె చేతికి ఇచ్చాడనుకొందాం. ఆమె కొన్ని విడిభాగాలను గుంటూరులోను, కొన్నింటిని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోను కొని తెచ్చి, రెండు రోజులు శ్రమించి బిగించింది. ఇంటిల్లిపాదీ చూస్తుండగా మీట నొక్కింది. దీపం వెలగలేదు, ఫ్యాను కదలలేదు. మదర్‌బోర్డు కాలిపోయి ఉంటుందని పక్కింటివారు తేల్చేశారు. ఆ మాట నమ్మితే మరికొన్ని టిక్కీల డబ్బు వదులుకోవాలి.

నమ్మేముందు విద్యుత్తు నడిచే దారిని తెలుసుకోవాలి. గోడ సాకెట్ నుండి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఎస్.ఎం.పి.ఎస్. అనే పెట్టె 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. పాతకాలపు యంత్రాలలో ముందున్న మీటే ఈ ప్రవాహాన్ని నేరుగా కలిపేది, తెంపేది. 1995లో ఇంటెల్ సంస్థ ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. పద్ధతిలో ఆ ఏర్పాటు మారిపోయింది. ఇందులో యంత్రం ఆగి ఉన్నప్పటికీ ఒక 5 వోల్టుల సన్నని ధార మదర్‌బోర్డుకు అందుతూనే ఉంటుంది. రాజు నిద్రించినా ద్వారపాలకుడు మేల్కొని ఉన్నట్లన్నమాట. మీట నొక్కడం కేవలం విన్నపం. ఆ విన్నపం అందుకొన్న మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగ ద్వారా ఎస్.ఎం.పి.ఎస్.ను మేల్కొలుపుతుంది. వోల్టేజీలు నిలకడ పొందాయని అక్కడి నుండి సంకేతం వచ్చాకే ప్రాసెసర్ పని ప్రారంభిస్తుంది.

కాబట్టి వెదుకులాట గోడ దగ్గర మొదలుకావాలి. అదే సాకెట్‌లో సెల్‌ఫోన్ చార్జర్ పనిచేస్తున్నదా? పవర్ కార్డు లోపలిదాకా దిగిందా? ఎస్.ఎం.పి.ఎస్. వెనుక ఉన్న చిన్న స్విచ్ వేశారా? ఇవి హాస్యాస్పదంగా తోచవచ్చు. కాని చాలా ఇళ్లలో దోషం ఇక్కడే దొరుకుతుంది. పాత పెట్టెలకు 115, 230 అని అంకెలున్న ఎర్రని మీట కూడా ఉండేది. మనదేశంలో అది 230 వైపే ఉండాలి. లేకపోతే పెట్టె క్షణంలో మాడిపోతుంది.

తరువాత మదర్‌బోర్డుకు వచ్చే రెండు కనెక్టర్లను చూడాలి. 24 పిన్నులది పెద్దది. ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నులది మరొకటి ఉంటుంది. చిన్నదాన్ని మరచినవారికి సాధారణంగా ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. అది వేరొక వ్యాధి.

ఎస్.ఎం.పి.ఎస్.నే శంకిస్తే దానిని విడిగా పరీక్షించవచ్చు. పవర్ కార్డు పీకి, పెద్ద కనెక్టర్‌ను ఊడదీసి, దానిలోని ఆకుపచ్చ తీగ రంధ్రాన్ని, పక్కనున్న నల్ల తీగ రంధ్రాన్ని చిన్న తీగ ముక్కతో కలిపి, ఆ తరువాతే కార్డు పెట్టాలి. ఫ్యాను తిరిగితే పెట్టెకు ప్రాణం ఉన్నట్లే. బరువు మోయగలదో లేదో ఈ పరీక్ష చెప్పదు. కొన్ని కొత్త పెట్టెలలో బరువు లేనప్పుడు ఫ్యాను తిరగకపోవచ్చు కూడా. పెట్టెను విప్పి చూడాలనే కుతూహలం మాత్రం ప్రాణాంతకం. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు, ప్లగ్ తీసిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. క్యాబినెట్‌ను తాకినప్పుడు చేయి జివ్వుమంటే ఎర్తు సరిగా లేదని గ్రహించాలి. మూడు పిన్నుల ప్లగ్‌లో లావుపాటి పిన్నును విరిచి వాడేవారు ఆ రక్షణను చేతులారా పోగొట్టుకొంటున్నారు. వేసవిలో నేల ఎండినప్పుడు ఎర్తు గుంతలో నీరు పోసే పాత అలవాటు మంచిదే.

మీట నొక్కగానే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతే ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఉందని అనుమానించాలి. మదర్‌బోర్డు కింద అనవసరంగా మిగిలిపోయిన ఒక్క ఇత్తడి స్టాండు చాలు. అప్పుడు బోర్డును బయటికి తీసి, దాని అట్టపెట్టె మీదనే పరచి, కూలర్‌తో కూడిన ప్రాసెసర్‌ను, ఒక్క ర్యామ్‌ను మాత్రమే ఉంచి చూడాలి. పిదప ఒక్కొక్క భాగాన్నే చేర్చాలి. తర్కశాస్త్రంలోని అన్వయ వ్యతిరేకాలు ఇవే. రెండింటిని ఒకేసారి కదిలించి, యంత్రం పనిచేయగానే ర్యామ్‌దే దోషమని తీర్పు చెప్పడం కాకతాళీయం: కాకి వాలింది, తాటిపండు రాలింది! మదర్‌బోర్డు మీది 3 వోల్టుల నాణెపు బ్యాటరీని ముందుగా మార్చేవారూ ఇటువంటివారే. అది అయిపోతే సాధారణంగా తేదీ, సమయం తప్పుతాయి, అంతే. 2000 ప్రాంతంలో తయారైన అనేక బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు తలలు ఉబ్బి పాడైన మాట నిజమే కాని, కొత్త బోర్డుకు ఆ కథ వర్తించదు.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరకు వద్దాం. సాకెట్ బాగుంది. ఎస్.ఎం.పి.ఎస్. విడిగా తిరిగింది. మిగిలింది మీటకూ బోర్డుకూ నడుమ ఉన్న జానెడు తీగ. బోర్డు అంచున గుంపుగా ఉన్న సన్నని పిన్నులలో మీటకు కేటాయించినవి రెండే. కరదీపికలోని బొమ్మ చూసి, ఆ రెండింటిని స్క్రూడ్రైవర్ మొనతో క్షణకాలం కలిపింది. ఫ్యాను గిర్రున తిరిగింది. తీగను ఆమె పక్కనున్న రీసెట్ పిన్నులకు తగిలించింది. మీట రోజంతా విన్నపం పంపుతూనే ఉంది. చేరవలసిన చోటికి చేరలేదు. తీగ చోటు మార్చి క్యాబినెట్ మూసింది. బోర్డు వాపసు కోసం తీసి ఉంచిన దుకాణం బిల్లును తండ్రి మళ్లీ బీరువాలో పెట్టాడు.