స్కానింగ్ అయ్యాక మొదలయ్యే పని

డిగ్రీ అయ్యాక లైబ్రరీ సైన్సు చదువుతానని మన పిల్లల్లో ఎవరైనా అంటే, "పుస్తకాల దుమ్ము దులిపే ఉద్యోగానికా ఇంత చదువు?" అని ఇంట్లో పెద్దలు అడ్డుపడటం ఉపాధ్యాయులుగా మేము చూస్తూనే ఉన్నాం. స్కాలర్‌షిప్ ఇచ్చే దాతల్లో కూడా ఇంజనీరింగు, వైద్యం తర్వాతే మరేదైనా అన్న అభిప్రాయం ఉంది. అందుకే విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పెరుగుతున్న ఒక పని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. ఆ పని చేసేవారిని డిజిటల్ ఆర్కైవిస్టు అంటారు. హోదా పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉండవచ్చు. పాత కాగితాన్ని కంప్యూటరులోకి ఎక్కించడం, ఎక్కించినదాన్ని వెతికితే దొరికేలా అమర్చడం, యాభై ఏళ్ల తర్వాత కూడా అది తెరుచుకునేలా చూడటం ఆ పని. చాలామంది మొదటిదే మొత్తం పని అనుకుంటారు. నిజానికి అది అన్నిటికంటే సులువైన భాగం.

మనకు దగ్గరి ఉదాహరణ ఉస్మానియా. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ విజ్ఞానశాస్త్రం, చరిత్ర, న్యాయం వంటి ఎన్నో విషయాలకు ఉర్దూలో పాఠ్యపుస్తకాలు తయారుచేసింది. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద ఆ గ్రంథాలయంలోని ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు పుస్తకాలు పెద్దఎత్తున స్కాన్ అయ్యాయి. ఈ పథకం వెనుక ఉన్నవారిలో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ముఖ్యులు. ఆ పుస్తకాల్లో చాలావాటిని ఈరోజు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అది చిన్న మేలు కాదు.

అయితే ఆ పుస్తకాల కోసం వెతికినవారికి ఒక కష్టం అనుభవమే. పుస్తకం ఉంటుంది, కానీ దొరకదు. స్కానింగ్ వేగంగా సాగిన చోట పేర్ల నమోదు అంత శ్రద్ధగా సాగలేదు. ఉర్దూ పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాశారు. ఉర్దూలో జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు వేర్వేరు అక్షరాలున్నాయి. ఇంగ్లిషులోకి వచ్చేసరికి నాలుగూ ఒకే అక్షరమైపోతాయి. ఒకే రచయిత పేరు మూడు రకాలుగా నమోదైతే, అతని పుస్తకాలు మూడు చోట్ల చెల్లాచెదురుగా ఉన్నట్టే లెక్క. కొన్నిటిలో పేజీలే తప్పిపోయాయి. ఆ పేజీ లేదని గుర్తించాలన్నా ఒక మనిషి కూర్చుని చూడాల్సిందే.

తేదీల సంగతి ఇంకా చిక్కు. నిజాం రాజ్యంలో సర్కారీ వ్యవహారాలు ఫస్లీ సంవత్సరంలో నడిచేవి. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. ఒక పుస్తకం మీద 1328 అని మాత్రమే ఉందనుకోండి. అది హిజ్రీ అయితే 1910. ఫస్లీ అయితే 1918-19. మొదటిది నిజమైతే విశ్వవిద్యాలయం పుట్టకముందు పుస్తకం, రెండోది నిజమైతే పుట్టిన తర్వాతది. లోపల ముందుమాట చదివి, ముద్రణాలయం పేరు చూసి తేల్చాలి. ఈ నిర్ణయం యంత్రం చేతిలో పెట్టేది కాదు. నస్తాలిఖ్ లిపిలో అక్షరాలు వాలుగా ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి కాబట్టి కంప్యూటరు దాన్ని చదవడంలో ఇంకా తడబడుతుంది. మన తెలుగు ఒత్తులతో కూడా దానికి ఇదే బాధ.

ఇక భద్రపరచడం. ఏ4 సైజు పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేసి, కుదించకుండా దాస్తే సుమారు 25 ఎంబీ అవుతుంది. మూడువందల పేజీల పుస్తకానికి 7 జీబీ దాటుతుంది. పాఠకుడికి ఇచ్చేది చిన్న నకలు. ఈ పెద్దది మాత్రం ముట్టుకోకుండా దాచాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచడం మంచి పద్ధతి. ప్రతి ఫైలుకూ వేలిముద్రలాంటి ఒక సంఖ్యను లెక్కగట్టి రాసిపెట్టుకుంటారు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. అందుకని ఎప్పటికప్పుడు మళ్లీ లెక్కగట్టి సరిచూస్తారు. హార్డ్‌డిస్కులు కూడా నిశ్శబ్దంగా పాడవుతాయి, కాగితానికి చెదపట్టినట్టు పైకి కనపడదు. కొన్నేళ్లకోసారి అన్నిటినీ కొత్త సాధనాల మీదికి మార్చాలి. ఫ్లాపీల్లో దాచుకున్నవాటిని ఇప్పుడు తెరవడానికి ఎంత తిరగాలో ఆఫీసుల్లో పనిచేసినవారికి తెలుసు.

కాగితమే లేకుండా పుట్టేవీ ఈ పనిలోకే వస్తాయి. 2009 యూజీసీ నిబంధనల తర్వాత పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇవ్వాల్సివచ్చింది. వాటిని శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారంలో చూడవచ్చు.

మా ఉద్దేశంలో దాతలు గమనించాల్సింది ఇక్కడే ఉంది. స్కానరు కొనివ్వడానికి ముందుకొచ్చేవారు ఉంటారు, దానిమీద పేరు కూడా రాయించుకోవచ్చు. పేర్లు సరిచూసే మనిషికి నెలనెలా జీతమివ్వడానికి వచ్చేవారు తక్కువ. బావి తవ్వించి చేద, తాడు కొనకపోతే నీళ్లు ఎవరికీ అందవు. మరోవైపు మన మదరసాల్లో, ఉర్దూ బడుల్లో చదివిన పిల్లలకు ఆ లిపి కంఠతా వచ్చు. బజారులో దానికి విలువ లేదని వాళ్లే నమ్ముతున్నారు. ఉర్దూ, కాస్త ఫారసీ, తెలుగు, ఇంగ్లిషు చదవగలిగి కంప్యూటరు తెలిసినవారు ఇలాంటి గ్రంథాలయాలకు సులభంగా దొరకరు. ఏదైనా డిగ్రీ ఉంటే బీఎల్‌ఐఎస్సీ ఒక ఏడాది చదువు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యగా కూడా ఉంది. ఉద్యోగాలు వెల్లువగా ఉన్నాయని మేము అనం. చాలా పోస్టులు కాంట్రాక్టువే, జీతం మొదట్లో తక్కువే. అయినా ఏటా ఇచ్చే ఉపకార వేతనాల్లో ఒకటో రెండో ఈ చదువుకు కేటాయించడం దండగ కాదని మా గట్టి నమ్మకం.

ఇంట్లో తాతలనాటి దస్తావేజులు, నికానామాలు, ఉత్తరాలు ఉన్నవారికి ఒక మాట. వాటిని లామినేషన్ చేయించవద్దు. ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, వేడికి సిరా, కాగితం దెబ్బతింటాయి. చిరిగినచోట సెల్లోటేపు వేయవద్దు, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. తేమ లేనిచోట పరిచి ఉంచి, వెలుతురులో ఫోటో తీసి, ఎవరివి, ఏ ఊరివి, ఏ సంవత్సరంవో తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి రాసిపెట్టండి. సంవత్సరం హిజ్రీనో ఫస్లీనో కూడా పక్కన రాయండి.