ఒకే రేకు... రంగులెన్నో!

రంగుకో రేకు చొప్పున చెక్కి, ఒకదాని తర్వాత ఒకటి అచ్చేయాల్సిన బొమ్మ ఒక్క రేకుతో, ఒకేసారి వచ్చేస్తే? ప్యారిస్‌లోని 'అతెలియే 17'లో ఆ పద్ధతిని సాధించినవారిలో మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి ఒకరు!

1927లో స్టాన్లీ విలియం హేటర్ ప్రారంభించిన వర్క్‌షాప్ అది. బరువైన ప్రెస్సు సొంతంగా కొనుక్కోలేని కళాకారులకు అక్కడ అందరిదీ ఒకటే ప్రెస్సు. పికాసో, మిరో కూడా అక్కడ పనిచేశారు.

కిటుకంతా నూనెలోనే ఉంది. రేకు మిట్టల మీద గట్టి రోలరుతో పలుచటి సిరా పూస్తారు. ఆపైన మెత్తటి రోలరుతో రుద్దిన చిక్కటి సిరా దానికి అంటదు, పల్లాల్లోకే దిగుతుంది.

1988లో హేటర్ మరణించినా ప్రెస్సు ఆగలేదు. కళాకారులే 'అతెలియే కాంత్రప్వా' అని పేరు మార్చి నడిపించారు. 1972లో పద్మశ్రీ అందుకున్న కృష్ణారెడ్డి 2018లో కన్నుమూశారు. ఆయన దాచుకోకుండా నేర్పిన కిటుకు మాత్రం ఎందరో చేతుల్లో మిగిలింది.