ఎనభై దాటాక బైపాస్

ఎనభై దాటినవారికి బైపాస్ చేస్తే ప్రాణాపాయం, పక్షవాతం, కిడ్నీల దెబ్బ ముప్పు చిన్నవయసువారి కంటే ఎక్కువే. అయినా తగినవారిని ఎంచి చేస్తే, చాలామంది గుండెనొప్పి తగ్గి ఇల్లు చేరుతున్నారు. వయసొక్కటే లెక్క కాదు. నడక వేగం, కండబలం, కిడ్నీల పనితీరు అంతకన్నా ఎక్కువ చెబుతాయి. కొందరికి స్టెంటో, మందులో మేలు.

దేశంలో తొలి బైపాస్ 1975లో జరిగింది రైల్వే ఆసుపత్రిలో, పెరంబూరులో, డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు పగలూ రాత్రీ తెలియని తికమక వృద్ధుల్లో తరచుగా కనిపిస్తుంది. మతి పోయిందని ఇంటివారు హడలిపోతారు, పాపం. ఎక్కువమందిలో అది సర్దుకుంటుంది. ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ పక్కన మనిషి ఉండాలి.