ల్యాప్‌టాప్‌లో ఓకే.. బోర్డులో మొరాయింపు ఎందుకు?

రేపే ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూ. ల్యాప్‌టాప్‌లో పైథాన్ కోడ్ చక్కగా నడిచింది. దాన్నే రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులోకి ఎక్కించి ‘పిప్ ఇన్‌స్టాల్’ కొట్టారు. గంట గడిచినా పూర్తికాలేదు. చివరికి తెర మీద ‘కిల్డ్’ అన్న ఒక్క మాట! కంగారు పడకండి. తప్పు బోర్డుదీ కాదు, మీ కోడ్‌దీ కాదు. అసలు సంగతి తెలిస్తే రివ్యూ గట్టెక్కుతుంది, ఎంబెడెడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఓ అనుభవమూ మిగులుతుంది.

చిక్కు ఎక్కడ?

నమ్‌పై, ఓపెన్‌సీవీ లాంటి లైబ్రరీలు పూర్తిగా పైథాన్‌లో రాసినవి కావు. వేగం కోసం లోపలి పనిని సీ, సీ++లలో రాసి మెషీన్ కోడ్‌గా కంపైల్ చేస్తారు. ల్యాప్‌టాప్‌లో ఎక్కువగా ఉండేది ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్. బోర్డులో ఉండేది ఆర్మ్. ఒకదాని కోసం కంపైల్ చేసింది రెండోదానిలో నడవదు. అందుకే ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి తెచ్చినా లాభం లేదు.

ముందే కంపైల్ చేసిన ప్యాకేజీని ‘వీల్’ అంటారు. దాని ఫైలు పేరులోనే పైథాన్ వెర్షన్, ప్రాసెసర్ రకం ఉంటాయి. మీ బోర్డుకు సరిపడే వీల్ దొరికితే పని త్వరగా అయిపోతుంది. దొరక్కపోతే పిప్ సోర్స్ కోడ్ తెచ్చి బోర్డు మీదే కంపైల్ చేయబోతుంది. పై జీరో 2 డబ్ల్యూలో ఉన్న ర్యామ్ 512 ఎంబీ మాత్రమే. మెమరీ చాలకపోతే లైనక్సే ఆ పనిని ఆపేస్తుంది. ‘కిల్డ్’ వెనక కథ సాధారణంగా ఇదే.

ఈ వరుసలో వెళ్లండి

* ముందు మీ సిస్టమ్ 32 బిట్టా, 64 బిట్టా తేల్చుకోండి. ‘యూనేమ్’ ఒక్కటే చూస్తే పొరబడతారు. కెర్నల్ 64 బిట్ అయినా మిగతాదంతా 32 బిట్ కావచ్చు. ‘గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్’ కూడా కొట్టి చూడండి.
* పిప్ కంటే ముందు ‘ఆప్ట్’ ప్రయత్నించండి. నమ్‌పై లాంటివి అందులో కంపైల్ చేసి సిద్ధంగా ఉంటాయి.
* 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి పిప్ నేరుగా సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేయనివ్వదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి. ఆప్ట్‌తో వేసినవి అందులోనూ కనిపించాలంటే ‘సిస్టమ్ సైట్ ప్యాకేజెస్’ ఆప్షన్ ఇవ్వాలి.
* 32 బిట్ రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ అయితే ‘పైవీల్స్’ నుంచి రెడీమేడ్ వీల్స్ అందుతాయి.
* కంపైల్ తప్పదంటే పైథాన్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసుకోండి. అది లేకపోతే ‘పైథాన్ డాట్ హెచ్’ దొరకలేదంటూ ఆగిపోతుంది. స్వాప్ పెంచి, ఒకేసారి నడిచే కంపైల్ పనులను ఒకటికి తగ్గించండి.

ఇంటర్వ్యూలో ఇలా..

ప్రాజెక్టు గురించి అడిగితే ‘పిప్ కొట్టాను సార్, అయిపోయింది’ అని ఊరుకోకండి. ఏ ఎర్రర్ వచ్చింది, కారణం ఎలా పట్టుకున్నారు, ఎలా దాటారు అన్నది చెప్పండి. పరిశ్రమలో చాలావరకు బోర్డు మీద కంపైల్ చేయరు. యాక్టో, బిల్డ్‌రూట్ లాంటి సాధనాలతో పెద్ద కంప్యూటర్‌లోనే బోర్డు కోసం తయారుచేస్తారు. దీన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు. ఆ తేడా మీ నోటి నుంచి వస్తే, మీరు పని చేసి నేర్చుకున్నారని అవతలివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

చివరగా ఒక మాట. వాడిన వెర్షన్లన్నీ ఒక ఫైల్లో రాసుకోండి. రివ్యూకు రెండు రోజుల ముందే, ఖాళీ మెమరీ కార్డుతో మొదటి నుంచి ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి. అక్కడ నడిస్తేనే ప్రాజెక్టు పూర్తయినట్టు!